గుయ్యిమనే పలక

బస్సు టైరు పేలిన చప్పుడుకు కునికిపాట్లు పడుతున్న వాళ్ళందరూ ఉలిక్కిపడి లేచి, ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక తీరిగ్గా డ్రైవర్ని తిట్టడం మొదలుపెట్టారు. ప్రయాణికుల్లో ఉన్న ఓ రేడియో మెకానిక్ మాత్రం ముందు ఒళ్ళో ఉన్న అట్టపెట్టె సంగతి చూసుకున్నాడు. మూత తీసి, స్పాంజి మీద పడుకోబెట్టిన పచ్చటి బోర్డుల్ని ఒక్కొక్కటే వేలికొసతో తడిమాడు. ఏదీ చిట్లలేదని నమ్మకం కుదిరాక అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, తన మోకాలు ముందు సీటు కడ్డీకి కొట్టుకుందని. "అమ్మా" అన్నాడు, కాస్త ఆలస్యంగా.

స్టెప్నీ ఉంది గానీ జాకీ లేదని కండక్టరు ప్రకటించాడు, రేపు వాన పడొచ్చని చెప్పినంత నింపాదిగా. జనం బిలబిలా దిగారు. దారిలో బండి చెడినప్పుడు సగం మంది టైరు చుట్టూ మూగుతారు. పుట్టి బుద్ధెరిగి ఒక్క మర తిప్పనివాళ్ళు కూడా సలహాలు పడేస్తారు. మిగతా సగం ఫోన్లు పైకెత్తి గాల్లో సిగ్నల్ కోసం దేవులాడతారు. ఈ రెండు గుంపుల్లోనూ ఇమడని ఒకరిద్దరు మాత్రం ఎక్కడో ఓ కల్వర్టు గట్టు వెతుక్కుని చతికిలబడతారు. దారులు పట్టుకు తిరిగేవాళ్ళకు తెలుసు, చెప్పుకోదగ్గ మాట ఏదన్నా పుడితే అక్కడే పుడుతుంది.

మెకానిక్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"మగపిల్లాడా, ఆడపిల్లా?" అంది పక్కనుంచి ఓ గొంతు.

చూస్తే నెరిసిన జుట్టావిడ. తెల్ల కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ముఖం ఎండకు ఇచ్చి కూర్చుని ఉంది.

"ఎవరమ్మా?"

"మీ ఒళ్ళో ఉన్నది. టైరు పేలినప్పట్నుంచీ 'ఏం కాలేదు, ఏం కాలేదు' అని బుజ్జగిస్తున్నారుగా. మీ వెనక సీటే నాది."

మెకానిక్ సిగ్గుపడ్డాడు. "కంప్యూటరు బోర్డులమ్మా. ఇప్పటివి కావు, పాతవి. అంటే పాతదానికి కొత్తవి."

"అర్థమయ్యేట్టు చెబితే పుణ్యముంటుంది."

అడగడమే ఆలస్యం. ఇంట్లో ఎవరూ అడగరు. అడిగించుకునే అదృష్టం దారిలో దొరికింది. ఇక ఆయన్ని ఆపతరమా!

ఇప్పటి కుర్రకారుకు తెలియదు గానీ, కంప్యూటరన్నది మొదట ఇళ్ళలోకి అడుగుపెట్టినప్పుడు అది అన్నం పళ్ళెమంత ఉండేది. దానికి సొంత తెర ఉండదు. ఇంట్లో టీవీయే తెర. మీటలు రబ్బరువి, నొక్కితే చీమిడిముక్కు పిల్లాడి బుగ్గల్లా మెత్తగా దిగేవి. ఆట కావాలంటే క్యాసెట్ పెట్టాలి. ఆ క్యాసెట్ కీచుమని అరుస్తుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు, ఎక్కుతుందా ఎక్కదా అని. నలుపు చట్రం, చేతిలో పట్టేంత సైజు చూసి జనం దానికి పెట్టుకున్న పేరు 'పలక'. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పలకలు మాత్రం అటకల మీద మిగిలాయి, వాటితోపాటు వాటి మీద మనసు చంపుకోలేని మనుషులూ మిగిలారు. ఎవరి పిచ్చి వారికానందం. పాపం ఆ మనుషుల బాధల్లా ఒకటే: పలక లోపలి బోర్డు ముసలిదై చచ్చిపోతోంది. కొత్త బోర్డులు దూరదేశాల్లో ఎవరో చేస్తారు గానీ, వాటి ధర వింటే పలకను వదిలేసి సన్యాసం పుచ్చుకోవాలనిపిస్తుంది.

"నేను చేసిందైతే, మంచి చెప్పుల జత కొనగలిగినవాడు ఎవడైనా కొనుక్కోవచ్చు," అన్నాడు మెకానిక్. "సామాను మన సందుల్లో దొరికేదే. పాత చట్రంలో మరలకు మర అతికినట్టు కూర్చుంటుంది."

ఆవిడ వింటూ కూర్చుంది. ఆస్పత్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసి రిటైరైంది కాబట్టి వినడం ఆవిడకు ఉద్యోగంతో వచ్చిన విద్య. మధ్యలో అడ్డు రాదు, ఊఁ కొట్టడం మానదు.

"మా ఇంట్లోనూ ఉండేది పలక," అంది చివరికి.

"అలాగా! ఎవరు ఆడేవారమ్మా?"

"నేనే. మా తమ్ముడు కొనుక్కున్నాడు, నేను లాక్కున్నాను."

మెకానిక్ ఆవిడ తెల్ల కర్ర వైపు తిరిగాడు.

"కర్ర చూస్తున్నారు కదూ?" అని నవ్విందావిడ. "చూడండి, చూడండి, అది అందుకే ఉంది. కానీ ఆ తెర మాత్రం నాకు కనబడేదండీ. నా జన్మకు నేను చూసిన బొమ్మంటూ ఉంటే అదొక్కటే. పలక చచ్చిపోయాక అదీ పోయింది."

ఎలా అని అడుగుదామనుకునేంతలో లారీ ఒకటి ఆగింది, జాకీ దొరికింది, అందరూ "హమ్మయ్య" అంటూ లేచారు. మెకానిక్ మనసులో లెక్కవేసుకున్నాడు: బొత్తిగా చూపు లేనివాళ్ళలోనూ కొందరికి వెలుగు మసగ్గా తెలుస్తుందట, టీవీ వెలుతురు గట్టిది కాబట్టి అంతమాత్రం ఆనుతుందేమో. ఆ లెక్కే ఆయన చేసిన తప్పు. అది తర్వాతి మాట.

"అమ్మా, మీ ఇల్లు చెప్పండి. నేనే వచ్చి కొత్త బోర్డు బిగిస్తాను. మీ తెర మీకొస్తుంది," అన్నాడు బస్సెక్కుతూ.

"స్కూటర్ల సీట్లు కుట్టే కొట్టు వెనకిల్లు. కొట్టు మా తమ్ముడిదే. రెక్సిన్ వాసన పట్టుకుని వచ్చేయండి, నేనూ అలాగే వస్తాను," అందావిడ.

మెకానిక్ గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే ముందు జరిగేది రుచించదు. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. అందరికీ ఆయన 'గుయ్యి మెకానిక్'. యాంప్లిఫయరు గానీ, రేడియో గానీ, టీవీ గానీ గుయ్యిమని మూలుగుతుంటే, ఏ మెకానిక్కూ ఆపలేకపోతే, ఆఖరి గతిగా ఈయన దగ్గరకు తెచ్చేవారు. బల్ల మీద పెట్టించుకుని, కళ్ళు మూసుకుని, ఇనుప చట్రం మీద వేలు ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు చూసేవాడు. ఒక తీగ అక్కణ్ణుంచి ఇక్కడికి మార్చేవాడు. మూలుగు టక్కున ఆగేది. ఆ ఆగిన క్షణం కోసమే ఆయన బతికాడని చెప్పినా అబద్ధం కాదు. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం కడిగిన గాజుగ్లాసులా ఉండాలని ఆయన సిద్ధాంతం.

"ఊళ్ళో గొడవలన్నీ ఆపుతారు. ఇంట్లో ఫ్యాను కటకటమని ఏళ్ళై ఏడుస్తోంది," అనేది భార్య. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు."

"ఫ్యానుది గుయ్యి కాదే, కటకట. అది నా శాఖ కాదు."

"మరి నాది ఏ శాఖో చెప్పండి, నోరు మూయించే దారి దొరుకుతుంది."

"అంత ధైర్యం నాకెక్కడిది!"

కొట్టు తగ్గించుకున్నాక, చేతులు ఊరుకోక, ఓ బ్యాంకు క్యాషియరు మొరపెట్టుకుంటే ఆయన పలకల్లోకి దిగాడు. ఆ క్యాషియరు 'పలక సంఘం' అనే దానికి పెద్ద. సంఘమంటే ఆదివారం పూట ట్యుటోరియల్ గదిలో చేరే పిడికెడు మంది. వాళ్ళ కోసమే కొత్త బోర్డు నమూనా గీశాడు. గీస్తూ గీస్తూ ఓ సంగతి గమనించి ఆయన ఒళ్ళు మండిపోయింది: పాత పలకలో శబ్దం దారి, బొమ్మ దారి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. అందుకే పాత పలకలన్నీ లోలోపల గుయ్యిమంటాయి. చేసినవాడి బద్ధకమా, తొందరా? తన బోర్డు మీద ఆ రెంటినీ ఎడమొహం పెడమొహంగా విడదీశాడు. మధ్యలో వెడల్పాటి రాగిపూత పరిచాడు.

బస్సు ఆలస్యమైన ఆ రోజే సంఘంలో బోర్డు తొలి పరీక్ష. టీవీ శబ్దం పూర్తిగా పెంచారు. చీమ చిటుక్కుమనలేదు.

"శ్మశానంలో కూడా ఇంత శుభ్రమైన నిశ్శబ్దం ఉండదండీ మాస్టారూ!" అన్నాడు క్యాషియరు.

చప్పట్లు కొట్టారు. గుయ్యి మెకానిక్ జీవితంలో అంతకు మించిన సన్మానం లేదు.

ఆ వారంలోనే రెక్సిన్ వాసన పట్టుకుని వెళ్ళాడు. తమ్ముడు కుట్టుమిషను ఆపి, దారాల పోగులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. భారీ మనిషి, మాట అంతకన్నా భారీ.

"రండి రండి, మీరేనా పలక వైద్యులు? మా అక్క బస్సు దిగినప్పట్నుంచీ ఇల్లు సర్దుతోంది. నా పెళ్ళికి కూడా ఇంత సర్దలేదు."

"నీ పెళ్ళికి నువ్వే సర్దుకోవాల్సిందిరా, చేసుకున్నది నువ్వు," లోపల్నుంచి వినబడింది.

ముందుగది చిన్నది, ఎక్కడివక్కడ. కుర్చీ కాళ్ళకు రెక్సిన్ ముక్కలు తొడిగి ఉన్నాయి, జరిపితే కిర్రుమనకుండా. పాత డబ్బా టీవీ, దాని ముందు పీట, పీట మీద పలక. దాని రబ్బరు మీటల మీది అక్షరాలు అరిగిపోయి నున్నబడ్డాయి. మెకానిక్ మరలు విప్పి, చచ్చిన బోర్డు తీసి పక్కన పెట్టి, కొత్తది బిగించాడు. టీవీ పెట్టగానే తెర తెల్లగా వెలిగింది.

"అక్కా, లేచిందే! చచ్చినవాడు లేచి కూర్చున్నాడే!" అన్నాడు తమ్ముడు.

"క్యాసెట్ పెట్టరా. గాలిపటం."

అది తమ్ముడు కుర్రతనంలో ఏదో పత్రికలో అచ్చయిన ప్రోగ్రాం చూసి, వేళ్ళు నొప్పిపుట్టేలా టైపు చేసిన ఆట. నల్లటి ఆకాశం, ఓ గాలిపటం. ఒక మీట నొక్కితే దారం వదులుతుంది, ఇంకోటి నొక్కితే లాగుతుంది. తెల్లటి దారం తెర మీద పొడుగవుతూ పొట్టవుతూ ఉంటుంది. మరీ వదిలితే గాలికి తెగుతుంది, మరీ లాగితే కిందపడుతుంది. అంతే. అక్కాతమ్ముళ్ళు గిన్నెలు తోమడం పందెం కాసి ఏళ్ళ తరబడి ఆడారు. కళ్ళున్నవాడే ఎక్కువ గిన్నెలు తోమాడు.

క్యాసెట్ కీచుమంటూ ఎక్కింది. ఆ అరుపు వింటుంటే ఆవిడ ముఖం విచ్చుకుంది. అరుపు ఆగింది. తెర మీద గాలిపటం ప్రత్యక్షమైంది. ఆవిడ మీట మీద వేలు పెట్టి, తల ఓ పక్కకు వంచి ఊరుకుంది.

కాసేపు చూసి మెకానిక్ అన్నాడు, "ఆడండమ్మా."

"టీవీ పెట్టలేదా?"

"పెట్టాం కదే!" అన్నాడు తమ్ముడు. "ఎదురుగా గాలిపటం రెపరెపలాడుతోంటేనూ."

"సౌండు పెంచు."

"పూర్తిగా పెంచే ఉంది."

ఆవిడ చేయి చాచి టీవీ స్పీకరు జాలీ మీద అరచెయ్యి ఆనించింది. వెనక్కి తీసుకుంది. ఇంటికొస్తారనుకున్న మనిషి రాకపోతే గుమ్మం దగ్గర్నుంచి లోపలికి తిరిగేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో అలా అయింది ఆవిడ ముఖం.

"ఇందులో ఏమీ లేదండీ," అంది మెల్లగా.

మెకానిక్ టీవీ వెనక తీగ ఊడిందేమోనని తడిమి చూశాడు. "అదేంటమ్మా? ఆ రోజు తెర కనబడేదన్నారు కదా..."

"కనబడేది. చెవులతో. మీకెప్పుడూ వినబడలేదా? పలక మాట్లాడేది. తెర ఖాళీగా ఉంటే సన్నగా, దోమంత. అక్షరాలు పడుతున్నకొద్దీ లావెక్కేది. తెర నిండా తెలుపుంటే తేనెపట్టు దగ్గర నించున్నట్టే. దారం పెరిగితే పెరిగేది, తరిగితే తరిగేది. 'అక్కా, లేచిందే' అని వీడు అరిచేలోపు నేను చూసేసేదాన్ని. అందరూ బొమ్మ బొమ్మ అంటారే, అదెలా ఉంటుందో అప్పుడు తెలిసింది. గుడ్డిలో మెల్ల అంటారు చూడండి, నాకు ఆ మెల్ల పలకే."

వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవ్వక దగ్గుతోంది.

"దాన్ని నేనే చంపానమ్మా," అన్నాడు మెకానిక్.

"ఎందుకూ?"

"రోగమనుకున్నాను."

ఆవిడ కోపగించలేదు. "పోనీలెండి అన్నయ్యగారూ. మీకేం తెలుసు," అని, "ఒరేయ్, ఆయనకు కాఫీ కలుపు, చక్కెర నీ చేత్తో కాకుండా చెంచాతో వెయ్యి," అంది. ఆ 'పోనీలెండి' అన్న మాట ఆయన వెంట ఇంటిదాకా వచ్చింది. తిట్టినా బాగుండేది. తిట్టును గుమ్మం దగ్గర దులిపేసుకోవచ్చు.

ఇంటికొచ్చి కొట్లో కూర్చున్నాడు. గుయ్యి తీసేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పెట్టడం ఎవడు నేర్చుకున్నాడు గనక! బొమ్మ దారి నుంచి శబ్దం దారికి ఓ చిన్న కెపాసిటరు అతికించాడు. టీవీ గుయ్యిమంది. ఎంత సులువు అనుకుని మళ్ళీ వెళ్ళాడు.

ఆవిడ విని, మీట నొక్కి, మళ్ళీ విని తల అడ్డంగా తిప్పింది. "ఇది గుయ్యిమంటోంది గానీ ఏమీ చూపించట్లేదు. చీకట్లో ఎవరో ఊరికే ఈల వేసుకుంటూ పోతున్నట్టుంది."

"నాకు అదీ ఇదీ ఒకేలా ఉన్నాయే," అన్నాడు తమ్ముడు.

"అందుకే నువ్వు గిన్నెలు తోమావు."

మెకానిక్ ఈసారి పాత చచ్చిన బోర్డు అడిగి తీసుకున్నాడు. బల్ల మీద పెట్టుకుని రోజులకు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అన్నం పిలుపుకు పలకడు. కొట్టుకొచ్చినవాళ్ళతో పరధ్యానంగా మాట్లాడతాడు. ఒకాయన యాంప్లిఫయరు గుయ్యిమంటోందని తెస్తే "బాగానే ఉందిగా" అనేశాడట. తెచ్చినాయన బెంబేలెత్తి మెకానిక్ భార్యకు చెప్పి వెళ్ళాడు.

"ఎవరావిడ?" అంది భార్య.

"ఎవరు?"

"ఎవరి కోసమైతే తిండి మానేశారో ఆవిడ."

దాచడానికేముంది. చెప్పాడు. భార్య చేతిలో పని ఆపి విన్నది, మామూలుగా అయితే ఆపదు. విన్నాక, "మరి కూర్చున్నారేం? వెయ్యి మందికి ఆపారు, ఒక్కరికి పెట్టలేరా?" అని లోపలికెళ్ళింది. అందులో ఎత్తిపొడుపెంతో, ఊతమెంతో తేల్చుకోవడం ఆయన వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున మెకానిక్ స్నానం చేస్తున్నాడు. ఒంటి నిండా సబ్బు. సరిగ్గా అప్పుడే పైనుంచి పడే నీళ్ళు సన్నబడి దారమైపోయాయి.

"వంటింట్లో కుళాయి కట్టెయ్యవే!" అని అరిచాడు.

"పప్పు గిన్నె కడుగుతున్నాను, ఆగండి!"

కట్టేసింది. నీళ్ళు లావెక్కాయి. మళ్ళీ తిప్పింది. సన్నబడ్డాయి. మెకానిక్ సబ్బు కళ్ళతో అలాగే నిలబడిపోయాడు. స్నానాలగదిలో జ్ఞానోదయమైన పెద్దమనుషులు లోకంలో లేకపోలేదు. అయితే వాళ్ళలో చాలామందికి ఆ జ్ఞానం నిండు తొట్టిలో కలిగింది, ఈయనకు నీళ్ళు చాలక కలిగింది. ఇంటికంతటికీ ఒకటే గొట్టం. అక్కడ వాడకం పెరిగితే ఇక్కడ తెలుస్తుంది. పాత పలకలో బొమ్మా శబ్దమూ పక్కపక్కన నడవడం కాదు అసలు సంగతి. రెంటి కరెంటూ తిరిగి ఇంటికి పోయే దారి ఒక్కటే, అదీ వెంట్రుకంత సన్నది! తెర మీద తెలుపు పెరిగితే ఆ దారి మీద తొక్కిసలాట పెరుగుతుంది, ఆ తొక్కిసలాటే శబ్దంలోకి పొంగుతుంది. తను రాగిపూత పరిచి రహదారి వేసేశాడు. తొక్కిసలాటే లేదు, ఇక వినబడేదేముంది!

"ఇంకోసారి తిప్పవే!" అని కేకేశాడు.

"ఇందాక కట్టెయ్యమన్నారుగా! మీకు సబ్బు నెత్తికెక్కిందా?"

బోర్డు మొదట్నుంచీ గీశాడు. రాగిపూతను ఒకచోట కోసి, రెంటికీ కలిపి ఒక సన్నటి దారి వదిలాడు. చిన్న మర ఒకటి పెట్టాడు. బిగిస్తే రహదారి తెరుచుకుంటుంది, పలక మూగదవుతుంది. వదులు చేస్తే ఆ సన్నదారే గతి, మాట్లాడుతుంది.

సంఘంలో చెబితే క్యాషియరు తల పట్టుకున్నాడు.

"మాస్టారూ, అందరూ కొత్త బోర్డు కోసం ఎదురుచూస్తున్నారు. బోర్డులు చేయించడానికి ఫ్యాక్టరీకి పంపే వేళ ఇదేం మార్పండీ? ఇన్నాళ్ళూ మీరు తీసేసిన మురికినే మళ్ళీ అతికించి అమ్ముతామంటే జనం నవ్వరూ?"

"నవ్వనీ."

"ఒక్కావిడ కోసం అందరి బోర్డూ మార్చాలా? ఆవిడ వరకూ ఒకటి విడిగా చెయ్యండి."

"విడిగా చేస్తే ఆ ఒక్కదాని ఖరీదు ఆవిడ ఇల్లంత అవుతుంది. పది మందికీ కలిపి చేస్తేనే గదా చెప్పుల జత ధర. అయినా ఆవిడ ఒక్కతే అని నీకెవరు చెప్పారు? అటకల మీద ఎన్ని పలకలున్నాయో, వాటి ముందు చెవులొగ్గి ఎవరెవరు కూర్చున్నారో మనకేం తెలుసు?"

"అది కాదండీ, మీ పేరు..."

"నాయనా, ఇల్లు కట్టినవాడు కిటికీ మరిచిపోతే ఏం చేస్తాడు? సిమెంటు నున్నగా పూశానని గోడ చూసుకుని మురుస్తాడా, పగలగొడతాడా? నీకు వద్దంటే మర బిగించుకో."

క్యాషియరు గొణిగాడు గానీ, పంపాడు. కొత్త బోర్డులు వచ్చాయి. మొదటిది మెకానిక్ తన చేత్తోనే అతికాడు.

ఓ సాయంత్రం వెళ్ళేసరికి తమ్ముడు అప్పటికే కొట్టు మూసేసి ఉన్నాడు. ఆవిడ మునుపటంత హుషారుగా ఎదురు రాలేదు. రెండుసార్లు దెబ్బతిన్న ఆశ గుమ్మం దాటడానికి జంకుతుంది. "కూర్చోండి అన్నయ్యగారూ, ముందు మంచినీళ్ళు తాగండి. దానికేం తొందర," అంది.

ఆయన నీళ్ళు తాగలేదు. బోర్డు బిగించాడు, టీవీ పెట్టాడు, క్యాసెట్ ఎక్కించాడు. కీచుమనే అరుపు ఆగింది.

ఆగాక కూడా ఏదో మిగిలింది. సన్నగా, గోడ అవతల ఎవరో నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టు.

ఆవిడ వేళ్ళు పీట అంచున ఆగిపోయాయి.

"చాలడం లేదు," అంది ఊపిరి బిగబట్టి. "ఉంది గానీ, దూరంగా ఉంది."

మెకానిక్ పలక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న స్క్రూడ్రైవరుతో మరను వెంట్రుకవాసి వదులు చేశాడు. ఆయన చెవులు ముదిరిపోయాయి, అంత సన్నని తేడా ఆయనకు అందదు. అందుకని ఆవిడ ముఖాన్నే చూస్తూ తిప్పాడు.

"ఇంకొంచెం. ఇంకొంచెం. అయ్యో, ఎక్కువైంది, చెవిలో జోరీగలా ఉంది. వెనక్కి. ఆఁ... ఆగండి."

ఆయన చేయి తీసేశాడు.

ఆవిడ మీట నొక్కింది. తెర మీద దారం ఒక పిసరు పెరిగింది. శబ్దం ఒక పిసరు లావెక్కింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి. ఆవిడ పెదవులు విడివడ్డాయి.

"లేస్తోందిరా," అంది.

"ఆఁ, లేస్తోందే అక్కా." తమ్ముడి గొంతు ఎందుకో భారీగా లేదు.

"చెప్పకు. నేను చెబుతాను. పావు వంతు ఎక్కింది. గాలొచ్చింది, ఊగుతోంది... లాగుతున్నా. ఇప్పుడు సగం తెర. అవునా?"

మెకానిక్ తలెత్తి చూశాడు. దారం సరిగ్గా సగం తెర దాకా ఉంది. దాని కొసన గాలిపటం ఒదిగి నిలబడింది. తమ్ముడు అవునన్నట్టు తల ఊపి, అక్కకు తల ఊపితే చాలదని గుర్తొచ్చి, "అవునే," అన్నాడు.

"పందెం వేస్తావా?"

"ఇంట్లో గిన్నెలన్నీ కడిగే ఉన్నాయి తల్లీ."

"రాత్రికి అంట్లవుతాయిలే. నువ్వు కాసేపు నోరు మూసుకో, ఇంకా పైకి పంపిస్తా."

మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. ఆ మూలుగు ఆయనకు తెలియనిదేం కాదు. ఎన్ని బల్లల మీద, ఎన్ని ఊళ్ళలో దాన్ని వేటాడాడు! తోక దొరకగానే తెంపేసేవాడు. అదేమంటోందో వినాలని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు విన్నాడు. లావవుతోంది, సన్నబడుతోంది, మళ్ళీ లావవుతోంది. ఆయనకు గాలిపటమేమీ కనబడలేదు. ఆ విద్య ఇప్పుడు కొత్తగా రాదు. కానీ గుయ్యి మధ్యలో ఆవిడ ఉచ్ఛ్వాసనిశ్వాసలు వినబడుతున్నాయి, దారం లాగినప్పుడొకటి, వదిలినప్పుడొకటి. వాటిని పట్టుకుని కొంతదూరం వెంట వెళ్ళగలిగాడు.

కళ్ళు తెరిచేసరికి గది మసకబారింది. దీపం వెయ్యాలని ఎవరికీ గుర్తులేదు. టీవీ వెలుతురు ఆవిడ ముఖం మీద పడుతోంది; ఆ ముఖానికి దానితో పనిలేదు. దారం తెర పైఅంచుకు దగ్గరపడింది. ఇంకొంచెం వదిలితే తెగుతుంది. ఆవిడకు ఆ సంగతి తెలుసు, తెలిసే అక్కడ నిలబెట్టి ఆడిస్తోంది. తమ్ముడు కుర్చీ అంచుకు జరిగి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

మెకానిక్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లేచాడు. మోకాలు కటుక్కుమంది. ఆవిడ కనుబొమలు కాస్త ముడిపడ్డాయి. ఆయన కదలకుండా ఆగాడు. ముడి విడింది.

వెళ్ళొస్తానమ్మా అందామని నోరు తెరిచాడు. ఆ మాట వెళ్ళి సరిగ్గా ఆ శబ్దం మీద పడుతుంది. పడితే అంత ఎత్తున ఉన్నదాన్ని ఆవిడ ఓ క్షణం చూడలేదు. నోరు మూసుకున్నాడు.

తమ్ముడు చూసి లేవబోయాడు. వద్దని చేత్తో సైగ చేశాడు. గుమ్మం దగ్గర వంగి, చెప్పులు తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని, మెట్లు దిగి, కుట్టుకొట్టు పక్క సందులోంచి వీధిలోకి వచ్చాడు. అక్కడ చెప్పులు కింద పెట్టి, తొడుక్కుని, నడిచి వెళ్ళిపోయాడు.